ప్రమాణంలోని నాలుగో మాట



ప్రమాణ స్వీకారం అనగానే మనకు ముందు గుర్తొచ్చేది ముహూర్తం. ఆ తరవాత జనం, కార్ల వరస, గజమాలలు, ఫ్లెక్సీలు. అసలు ప్రమాణం గుర్తొస్తే ఆఖరున గుర్తొస్తుంది. గంటల తరబడి సాగే వేడుకలో దానికి పట్టేది నిమిషం, మహా అయితే నిమిషంన్నర. ఈ పూట ఆ నిమిషం గురించే మాట్లాడుకుందాం. అందులోనూ ఒక్క వాక్యం గురించి. పల్నాడు వాళ్ళం కాబట్టి ఆ వాక్యంతో మనకు మిగతావాళ్ళకంటే పని కొంచెం ఎక్కువ.

మన వైపు ఏ మార్కెట్ యార్డులోనైనా కొత్త కమిటీ ప్రమాణం చేసే రోజున వెళ్ళి చూడండి. షెడ్డు ముందు షామియానా, ఆ పక్కనే మిర్చి టిక్కీలు. ఆ ఘాటుకి వేదిక మీది పెద్దలు కూడా తుమ్ముతుంటారు. కొత్త చైర్మన్ మెడలో దండలు గడ్డం దాకా పేరుకుపోయి, చేతిలో ఉన్న కాగితం ఆయనకే కనపడదు. పక్కన అధికారి ఒక్కో ముక్కా చదువుతుంటే వెనకాలే ఈయన పలుకుతాడు. తన పేరు చెప్పి "అనే నేను" అనేసరికి ఈలలు, కేకలు, బయట టపాకాయలు. ఆ గోలలో తరవాతి వాక్యాలు ఎవరికీ వినపడవు. "సార్వభౌమాధికారం" దగ్గర నాలుక కాస్త మడతపడుతుంది. సంతకం సగంలో ఉండగానే శాలువాలు మొదలు. ఇక ఉపన్యాసాలు పొద్దుగూకేదాకా.

తప్పు పట్టడానికి చెప్పడం లేదు. మనవాడికి పదవి వచ్చిందన్న సంతోషం సహజం. ఆ "అనే నేను" మీద మనకెంత మోజంటే, 2018లో ఓ పెద్ద సినిమాకి పేరే "భరత్ అనే నేను" అని పెట్టుకున్నారు. కానీ ప్రమాణంలో బరువంతా "అనే నేను" దగ్గర లేదు. ఆ తరవాత వచ్చేదాంట్లో ఉంది.

ఎవరు ఏమని ప్రమాణం చేయాలో మన రాజ్యాంగం మూడో షెడ్యూలులో మాట మాటా రాసిపెట్టారు. ఒక్క రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, గవర్నర్ల పాఠాలు మాత్రం వేరే అధికరణాల్లో ఉన్నాయి. ఆ షెడ్యూలును వరసగా చదువుకుంటూ పోతే ఒక సంగతి తెలుస్తుంది. పదవి పెరిగేకొద్దీ మాట కూడా పెరుగుతుంది.

మొదటి మెట్టు నామినేషన్. గెలిచాక చేసేదే ప్రమాణమని చాలామంది అనుకుంటారు. గురజాలలోనో నరసరావుపేటలోనో శాసనసభకు నామినేషన్ వేసిన ప్రతి అభ్యర్థీ ఎన్నికల అధికారి ముందు నిలబడి ప్రమాణం చేయాల్సిందే. రేపు డిపాజిట్ పోగొట్టుకోబోయే మనిషి కూడా చేస్తాడు. జైల్లో ఉన్నవాడికి జైలు సూపరింటెండెంటు చేయిస్తాడు. ఈ పద్ధతి 1963లో పదహారో రాజ్యాంగ సవరణతో వచ్చింది. దక్షిణాన ద్రవిడనాడు అంటూ వేరు దేశం నినాదాలు వినపడుతున్న కాలం అది. దేశ సమగ్రతకు కట్టుబడతానని మాట ఇచ్చాకే ఓటు అడగాలని అప్పుడు నియమం పెట్టారు. అందుకే అభ్యర్థి చెప్పేవి రెండే మాటలు. రాజ్యాంగానికి విధేయుడిగా ఉంటాను. దేశ సార్వభౌమాధికారాన్నీ సమగ్రతనీ నిలబెడతాను.

రెండో మెట్టు ఎమ్మెల్యే. తాత్కాలికంగా సభ నడిపే ప్రొటెం స్పీకరు ముందు ఒక్కొక్కరూ వచ్చి చదివి, పుస్తకంలో సంతకం పెడతారు. అభ్యర్థి చెప్పిన రెండింటికీ ఇక్కడ మూడో మాట కలుస్తుంది. స్వీకరించబోయే బాధ్యతను శ్రద్ధగా నిర్వర్తిస్తాను అని. ప్రమాణం చేయకుండా సభలో కూర్చున్నా, ఓటు వేసినా రోజుకు 500 రూపాయల జరిమానా. 193వ అధికరణం. 1950లో అమల్లోకి వచ్చిన ఆ అంకెను ఈనాటికీ మార్చలేదు.

ఇక్కడే ఇంకో విశేషం. శాసనసభలో ఎంతో పెద్ద కుర్చీ అయిన స్పీకరు పదవికి విడిగా ప్రమాణమంటూ లేదు. కండ్లగుంటలో పుట్టి, నరసరావుపేటలో డాక్టరుగా పేరు తెచ్చుకుని, 1983లో తొలిసారి అసెంబ్లీకి వెళ్ళిన కోడెల శివప్రసాదరావు 2014 జూన్‌లో విభజిత ఆంధ్రప్రదేశ్‌కు మొదటి స్పీకరయ్యారు. అప్పుడు సత్తెనపల్లి ఎమ్మెల్యేగా ఆయన చేసిన ప్రమాణమే ప్రమాణం. స్పీకరు కుర్చీ ఎక్కేటప్పుడు కొత్తగా చదివే కాగితం లేదు. సభ్యులు ఎన్నుకుంటారు, అటు పార్టీ ఇటు పార్టీ పెద్దలు తోడుగా వెళ్ళి కుర్చీలో కూర్చోబెడతారు. అంతే.

మూడో మెట్టు మంత్రి. ముఖ్యమంత్రి చదివేదీ మంత్రి పాఠమే. మంత్రి రెండు ప్రమాణాలు చేస్తాడు, పదవికొకటి, రహస్య పరిరక్షణకొకటి. పదవీ ప్రమాణంలో ఎమ్మెల్యే చెప్పిన మూడింటి తరవాత నాలుగో మాట వస్తుంది. నేను ఇందాక అన్న వాక్యం ఇదే. భయం గానీ, పక్షపాతం గానీ, రాగద్వేషాలు గానీ లేకుండా, రాజ్యాంగాన్నీ చట్టాలనూ అనుసరించి ప్రజలందరికీ న్యాయం చేస్తాను అని దాని సారం.

హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీల ప్రమాణంలోనూ ఈ భయం, పక్షపాతం, రాగం, ద్వేషం నాలుగూ ఉన్నాయి. ఎమ్మెల్యే ప్రమాణంలో లేవు. ఎందుకంటే ఎమ్మెల్యే పని మాట్లాడటం, చట్టం చేయటం, ప్రభుత్వాన్ని నిలదీయటం. మంత్రి చేతిలో ఫైలుంటుంది. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఆపాలో తేల్చే కలం ఉంటుంది. కలం చేతికిచ్చేముందు రాజ్యాంగం ఈ మాట అదనంగా పుచ్చుకుంటుంది.

ఇది పుస్తకాల్లో పడి ఉండే మాటా, లేక దీనికి పవరుందా? దానికి జవాబు మన నరసరావుపేట చరిత్రలోనే ఉంది.

కాసు బ్రహ్మానందరెడ్డిగారిది నరసరావుపేట దగ్గరి చిరుమామిళ్ళ. ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది 1964 ఫిబ్రవరి 29న. నాలుగేళ్ళకోసారి వచ్చే తేదీ. అప్పటి గవర్నరు జనరల్ శ్రీనాగేశ్, దేశ సైన్యాన్ని నడిపి వచ్చిన మనిషి. ఇంతకీ ఆ ఏడాది అప్పటికప్పుడు కొత్త ముఖ్యమంత్రి అవసరం ఎందుకొచ్చింది? అంతకు ముందున్న నీలం సంజీవరెడ్డి రాజీనామా చేశారు కాబట్టి.

ఆయన రాజీనామాకు కారణం కర్నూలు జిల్లా బస్సులు. ప్రైవేటు బస్సు రూట్లను ప్రభుత్వం తీసుకుంటూ కర్నూలు జిల్లా పడమటి భాగాన్ని ముందుకు తెచ్చింది. అక్కడి బస్సుల యజమానులు కోర్టుకెక్కారు. రాజకీయంగా తమ మీద ఉన్న కక్షతోనే ముఖ్యమంత్రి ఇలా చేయించారన్నది వాళ్ళ ఆరోపణ. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అంత పెద్ద ఆరోపణకు ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వేసి జవాబు చెప్పలేదని కోర్టు ఎత్తిచూపి, ఆ పథకాన్ని కొట్టేసింది. జాతీయం చేసే అధికారం ప్రభుత్వానికి లేదని కోర్టు అనలేదు. ఉన్న అధికారాన్ని ద్వేషంతో వాడారన్న మాటకు జవాబు లేకపోయిందని అన్నది. ప్రమాణంలోని నాలుగో మాట దగ్గరే పట్టుకుంది. సంజీవరెడ్డి కుర్చీ దిగారు. బ్రహ్మానందరెడ్డి అదే నాలుగో మాట చదివి కుర్చీ ఎక్కారు. ఏడేళ్ళకు పైగా, 1971 సెప్టెంబరు దాకా ఉన్నారు.

సంజీవరెడ్డి కథ అంతటితో అయిపోలేదు. 1977 జులై 25న ఆయన రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. ఆనాటి నుంచి అయిదేళ్ళకోసారి రాష్ట్రపతులు ప్రమాణం చేసే తేదీ జులై 25 గానే వస్తున్నది. దేశంలో అతి పెద్ద ప్రమాణానికి తేదీ స్థిరపడింది మన తెలుగాయనతో.

బ్రహ్మానందరెడ్డిగారికీ ఆ తరవాత పెద్ద పరీక్ష ఎదురైంది. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ ప్రకటించిననాడు కేంద్ర హోంమంత్రి ఆయనే. పౌరుల హక్కులు పక్కకుపోయిన ఆ రోజుల గురించి మాట్లాడేటప్పుడు చిరుమామిళ్ళ మనిషి పేరు కూడా వస్తుంది. ఒకరు దిగిపోయిన మాట మీదే ఇంకొకరు ఎక్కొచ్చు. ఎక్కినవారికి ఆ మాట ప్రతి సంతకం దగ్గరా మళ్ళీ ఎదురొస్తుంది.

నరసరావుపేట లోక్‌సభ స్థానానిది ఇంకో చిత్రం. ముగ్గురు ముఖ్యమంత్రులు ఈ సీటు నుంచి ఎంపీలయ్యారు. బ్రహ్మానందరెడ్డి 1977లోనూ 1980లోనూ గెలిచారు. కొణిజేటి రోశయ్య 1998లో గెలిచారు. అప్పటికే ముఖ్యమంత్రిగా చేసి దిగిన నేదురుమల్లి జనార్దనరెడ్డి 1999లో గెలిచారు. వీరిలో బ్రహ్మానందరెడ్డి, రోశయ్య ఇద్దరూ తరవాత గవర్నర్లయ్యారు. ప్రమాణం చేసిన నోటితోనే ప్రమాణం చేయించారు.

రోశయ్యగారి ప్రమాణం మన రాష్ట్రం మరిచిపోలేనిది. 2009 సెప్టెంబరు 2న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టరు కనపడకుండా పోయింది. మర్నాడు ఆయన మృతి సంగతి తెలిసింది. ఆ రోజే రోశయ్య ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. దండలు లేవు, మేళాలు లేవు. మామూలు వేడుకలో మనకు వినపడని మాటలు అలాంటి రోజున ఒక్కొక్కటీ వినపడతాయి.

2011లో ఆయన తమిళనాడుకు గవర్నరుగా వెళ్ళారు. 2014 సెప్టెంబరు 29న చెన్నైలో పన్నీర్‌సెల్వంతో, ఆయన మంత్రులతో ప్రమాణం చేయించింది రోశయ్యగారే. ముఖ్యమంత్రిగా ఉన్న జయలలిత జైలుకు వెళ్ళిన సమయం అది. మంత్రులు ఒకరి తరవాత ఒకరు కళ్ళు తుడుచుకుంటూ చదివారు. మరుసటి ఏడు మే 23న జయలలిత తిరిగొచ్చినప్పుడు ఇరవై ఎనిమిదిమంది మంత్రులు పద్నాలుగేసి మంది చొప్పున రెండు జట్లుగా నిలబడి ఒక్క గొంతుతో చదివేశారు. టైము కలిసొచ్చింది, నిజమే. కానీ పద్నాలుగుమంది కలిసి "నేను" అంటే ఆ నేను ఎవరు? రేపు ఎవరైనా నిలదీస్తే, నా ఒక్కడి గొంతు కాదుగా అది అనొచ్చు!

ప్రమాణంలో ఎంత తప్పితే తప్పు? దీని మీద కూడా వాదులాటలు జరిగాయి. 1989 డిసెంబరులో దేవీలాల్‌తో రాష్ట్రపతి వెంకట్రామన్ "మంత్రి"గా ప్రమాణం చేయిస్తుంటే, ఆయన "ఉప ప్రధాని" అని చదివాడు. సవరించినా మళ్ళీ అదే అన్నాడు. విషయం సుప్రీంకోర్టుకు వెళితే, ఆ హోదా చెప్పే ముక్క వేరు, అసలు ప్రమాణ భాగం వేరు, అసలు భాగం సరిగ్గానే చదివాడు కాబట్టి ప్రమాణం చెల్లుతుందన్నారు. అమెరికాలో 2009 జనవరి 20న ప్రధాన న్యాయమూర్తి చదివించడంలో ఒక్క మాట అటూ ఇటూ అయిందని, ఒబామా మర్నాడు వైట్‌హౌస్‌లో మళ్ళీ ప్రమాణం చేశారు. అక్కడా ఇక్కడా చట్టం చూసేది లోపలి మాటనే. మనం ఈల వేసేది మాత్రం పేరూ హోదా చెప్పే ముక్కకు!

ఒకప్పుడు ఈ తంతు రాజ్‌భవన్ గోడల మధ్య, పిలిచిన నలుగురి ముందు అయిపోయేది. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు దాన్ని హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియానికి, జనం మధ్యకు తెచ్చారు. విభజన తరవాత 2014 జూన్ 8న చంద్రబాబు నాయుడు నాగార్జున యూనివర్సిటీ ఎదుట మైదానంలో ప్రమాణం చేశారు. 2019 మే 30న జగన్‌మోహన్‌రెడ్డి విజయవాడ స్టేడియంలో, 2024 జూన్ 12న మళ్ళీ చంద్రబాబు గన్నవరం దగ్గరి కేసరపల్లిలో. ఆరుబయట జరగటం మంచిదే. ఎవరి కోసం మాట ఇస్తున్నారో వాళ్ళే ఎదురుగా ఉంటారు. సాక్షుల సంఖ్య పెరిగింది. అయితే సాక్షి అన్నవాడు చెవి పెట్టి వినాలి. రేపు తగాదా వస్తే ఇదిగో ఈ మాట అన్నావని చెప్పగలగాలి. లేకపోతే వాడు ప్రేక్షకుడు.

మాట తప్పితే ఏమవుతుందో పల్నాటికి ఒకరు చెప్పక్కర్లేదు. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధం కథ మనకు ఉగ్గుపాలతోనే తెలుసు. కోడిపందెంలో ఓడినవారు ఏడేళ్ళు దేశం విడిచి పోవాలన్నది ఒప్పందం. మలిదేవరాజు పక్షం ఓడింది, మాట ప్రకారం వెళ్ళింది. గడువు తీరి వచ్చి తమ పాలు అడిగితే అవతలి పక్షం ఇవ్వలేదు. వాళ్ళ తరఫున రాయబారానికి వెళ్ళిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాలేదు. ఆ తరవాత జరిగిందే కారంపూడి రణం. కార్తీక అమావాస్యకు కారంపూడి వీరుల గుడి దగ్గర అయిదు రోజుల తిరునాళ్ళలో మనం చేసుకునేవి వరసగా చూడండి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. యుద్ధమొక్కటే కాదు, యుద్ధం దాకా తెచ్చిన రాయబారాన్నీ, పందేన్నీ కూడా ఏటేటా తలుచుకుంటున్నాం. మాట ఇచ్చిన రోజుకీ, మాట పోయిన రోజుకీ కలిపి చేసే తిరునాళ్ళు ఇంకెక్కడైనా ఉన్నాయేమో గానీ, ఇంత పట్టుగా చేసేది మనమే.

అదే కథలో మలిదేవరాజు మంత్రి బ్రహ్మనాయుడి చాపకూడూ ఉంది. కులం అడక్కుండా ఒకే చాప మీద అందరికీ అన్నం. నాలుగో మాటలో "ప్రజలందరికీ" అన్న ముక్క ఉందే, దాన్ని మన పెద్దలు కూటి దగ్గర చేసి చూపించారు.

ఇప్పటి పల్నాడుకు రండి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా మనకో జిల్లా వచ్చింది. రెండేళ్ళకు, 2024 మే 13న పోలింగు జరిగితే, ఆ తరవాతి గొడవలకు జిల్లాలో 144వ సెక్షన్ పెట్టాల్సివచ్చింది. ఓటు ఎవరికి వేశాడో అన్న అనుమానంతో ఊరు రెండుగా చీలటం మనకు కొత్త కాదు. ఈ పార్టీ గెలిస్తే ఆ వీధివాళ్ళు బయటికి, ఆ పార్టీ గెలిస్తే ఈ వీధివాళ్ళు బయటికి. ఏడేళ్ళ వనవాసం పోయి అయిదేళ్ళ వనవాసం వచ్చింది. ఇలాంటిచోట "రాగద్వేషాలు లేకుండా ప్రజలందరికీ" అన్న మాటకు అర్థం చాలా సూటిగా ఉంటుంది. ఓటు వేయనివాడి పింఛను ఆగకూడదు. ఓడిన పార్టీ వాడి పొలానికి వెళ్ళే దారి మూసుకుపోకూడదు. వాడు స్టేషనుకు పోతే ఫిర్యాదు తీసుకోవాలి. అంతకంటే పెద్ద వ్యాఖ్యానం ఆ వాక్యానికి అక్కర్లేదు.

ప్రమాణం గురించి ఇంకో మాట చెప్పాలి. అది ఒకరి బదులు ఇంకొకరు చేసేది కాదు. 2025 మార్చిలో ఛత్తీస్‌గఢ్ కబీర్‌ధామ్ జిల్లా పరస్వారా అనే ఊళ్ళో గెలిచిన మహిళా వార్డు సభ్యుల బదులు వాళ్ళ భర్తలు నిలబడి ప్రమాణం చేశారు. సంగతి బయటపడి, చేయించిన పంచాయతీ కార్యదర్శిని సస్పెండ్ చేశారు. మనం నవ్వేముందు మన పంచాయతీ ఆఫీసుల్లోకి ఒకసారి తొంగిచూడాలి. స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్ళవి. ప్రమాణం సర్పంచిగారే చేస్తుంది. మర్నాటి నుంచి కుర్చీలో ఆమె భర్త కూర్చుంటే, ఆ మాటకు కట్టుబడి ఉన్నదెవరు? ఆయన ఏ ప్రమాణమూ చేయలేదే! నాయకురాలు నాగమ్మ మంత్రిగా రాజ్యం నడిపిన నేల మీద ఇలా అడగాల్సిరావటం ఏం బాగుంది?

శ్రోతలారా, ఆఖరుగా ఒక పని చెబుతాను, పెద్ద ఖర్చేమీ కాదు. పంచాయతీకైనా, మున్సిపాలిటీకైనా, మార్కెట్ యార్డుకైనా ఈసారి ప్రమాణ స్వీకారం జరిగితే, ఫ్లెక్సీకి పెట్టే డబ్బులో కొంత తీసి ఆ ప్రమాణ పాఠాన్ని ఆఫీసు గోడ మీద రాయించండి. పెద్ద అక్షరాలతో, తెలుగులో. కింద తేదీ వేయించండి. దాని కింద ఆ నాలుగో మాట కూడా రాయించండి. చట్టం కింది పదవులనుంచి ఆ మాట అడిగినా అడక్కపోయినా మనం అడగొచ్చు. అర్జీ పట్టుకుని వచ్చిన ముసలమ్మకు చదువు రాకపోతే, పక్కన ఉన్న బడిపిల్లాడు చదివి వినిపిస్తాడు. కుర్చీలో ఉన్న మనిషి ఆ గొంతు వింటూనే ఆ అర్జీ మీద సంతకం పెట్టాలి.